జీపు ఇరుసుకు మూత



మన సరిహద్దు జిల్లాలలో చాలా ఊళ్ళకు రోడ్డు కంటే ముందు జీపు వచ్చింది. రాయగడ, కోరాపుట్ కొండల్లోని పల్లెలయినా, ప్రాణహిత అవతల సిరోంచా అడవి ఊళ్ళయినా, సండూరు గనుల చుట్టుపక్కల గ్రామాలయినా, తారు రోడ్డు పడేనాటికి అక్కడి పిల్లలకు జీపు చప్పుడు పాతదైపోయింది. ఆ జీపు ఎక్కినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. దాని వెనకాల వేలాడుతూ ప్రయాణం చేసినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. కాని వెనకవైపు నేలమీద కూర్చొని, తల వంచి, దాని కడుపు కిందికి చూసినవాళ్ళు ఎందరు? అలా చూస్తే రెండు వెనక చక్రాలను కలుపుతూ ఒక లావాటి ఇనుప గొట్టం కనిపిస్తుంది. ఆ గొట్టానికి ఒకచోట గుమ్మడికాయంత ఉబ్బు, ఆ ఉబ్బుకు వెనకవైపు చుట్టూ బోల్టులతో బిగించిన ఒక మూత ఉంటాయి. నాలుగు చక్రాలూ లాగే జీపయితే ముందు ఇరుసుకు కూడా అలాంటి మూతే ఇంకొకటి ఉంటుంది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ మూత చరిత్ర.

మూతకు కూడా చరిత్ర ఉంటుందా అని మీరు నవ్వుకోవచ్చు. ఒక మూత వల్ల పది ఊళ్ళకు ప్రయాణం ఆగిపోవడం కళ్ళారా చూసి ఉండకపోతే నేనూ నవ్వేవాణ్ణే. నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, అప్పటి అవిభక్త కోరాపుట్ జిల్లాలో, మా కొండ మీది పదీ పన్నెండు పల్లెలకు ఒకే ఒక జీపు తిరిగేది. దాని సొంతదారు మాకు వరసకు మావయ్య. సంతకు వెళ్ళాలన్నా, పరీక్షకు వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా మావయ్య జీపే. ఒక ఏడు వాగు దాటుతుంటే నీటి అడుగున ఉన్న రాయి తగిలి వెనక మూత లోపలికి సొట్టపోయింది. లోపల తిరిగే పెద్ద పళ్ళచక్రం ఆ సొట్టను గీకుతూ, కిర్రుకిర్రుమంటూ ఇల్లు చేరింది. మావయ్యకు పట్టుదల వచ్చింది. పట్నంలో ఒక వెల్డింగు షాపువాడి చేత అర అంగుళం మందం ఇనుప పలకతో కొత్త మూత చేయించి బిగించాడు. సుత్తితో కొడితే గుడి గంటలా మోగేది. ఊరు ఊరంతా చూడటానికి వచ్చాం. ఇక ఏ రాయీ ఏమీ చెయ్యలేదనుకున్నాం. నిజంగానే ఏ రాయీ ఏమీ చెయ్యలేదు. అయినా రెండో వర్షాకాలం గడవకుండానే ఆ మూత లోపల ఉన్నదంతా పాడైపోయింది. అది ఎట్లా జరిగిందో తెలియాలంటే అసలు ఆ ఉబ్బులో ఏముందో, ఆ మూత ఎందుకు పుట్టిందో కొంచెం వెనక్కు వెళ్ళి చూడాలి.

మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఎడ్లు బండిని లాగుతాయి గాని చక్రాలను తిప్పవు. ఇరుసు కదలకుండా ఉంటుంది, దాని రెండు కొసల్లో రెండు చక్రాలూ ఎవరికి వారే తిరుగుతాయి. మలుపులో ఒకటి ఎక్కువ తిరిగినా, ఒకటి తక్కువ తిరిగినా అడిగేవాడు లేడు. అప్పుడప్పుడు కాస్త కందెన పూస్తే చాలు. మోటారు బండి సంగతి వేరు. అక్కడ ఇంజను చక్రాలనే తిప్పి బండిని ముందుకు నెట్టాలి. రెండు వెనక చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి తిప్పితే తిన్నని దారిలో బాగానే ఉంటుంది. మలుపు రాగానే చిక్కు వస్తుంది. జీపు చక్రాల మధ్య ఎడం సుమారు నాలుగు అడుగులు. బండి ఒక పూర్తి చుట్టు తిరిగిందంటే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 25 అడుగులు ఎక్కువ దూరం నడవాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు, కావాలంటే ఇంట్లో పిల్లల చేత లెక్క కట్టించి చూడండి. రెండు చక్రాలూ ఒకదానికొకటి బిగిసి ఉంటే ఆ తేడా అంతా టైరు రాసుకుపోవడంలోనో, ఇరుసు మెలిపడటంలోనో తీరాలి.

ఈ చిక్కును విప్పిన యంత్రమే డిఫరెన్షియల్. పారిస్‌లో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే యంత్రకారుడు 1828లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంటే మోటారు కారు పుట్టడానికి యాభై ఏళ్ళ పైమాట ముందే. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దాన్ని కాళ్ళతో తొక్కే మూడు చక్రాల సైకిలుకు పెట్టాడు. 1885లో కార్ల్ బెంజ్ చేసిన మొదటి మోటారు బండిలోనూ అది ఉంది. సూత్రం చాలా ముచ్చటైనది. ఇంజను నుంచి వచ్చే కడ్డీ కొసన చిన్న పళ్ళచక్రం, దాన్ని మన మేస్త్రీలు టైల్ పినియన్ అంటారు. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌తో పాటు తిరిగే ఒక గూటిలో చిన్న చిన్న స్టార్ పినియన్లు ఉంటాయి. అవి కుడి ఇరుసుకు కొంత, ఎడమ ఇరుసుకు కొంత, ఎవరికి ఎంత తిరుగుడు కావాలో అంత పంచి పెడతాయి. దీనికి ఒక దోషం కూడా ఉంది. ఒక చక్రం బురదలో జారితే తిరుగుడంతా దానికే పోయి, గట్టి నేలమీద ఉన్న చక్రం ఊరికే నిలబడుతుంది. ఆ సంగతి మీకు అనుభవమే.

ఇక పళ్ళచక్రాలను ఎందులో పెట్టాలి? వాటికి నూనె కావాలి, దుమ్ము తగలకూడదు. ఫోర్డు మోడల్ టి కారు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారయింది. దాని వెనక ఇరుసుకు మూతే లేదు. కొబ్బరికాయ రెండు చిప్పల్లాగా రెండు గంటలను ఎదురెదురుగా పెట్టి నడుమ బోల్టులు బిగించారు. లోపల పన్ను విరిగిందేమో చూడాలంటే ఇరుసు మొత్తం ఊడదీసి రెండుగా విడగొట్టాలి. ఆ తర్వాత బాంజో వాద్యం ఆకారంలో ఒక తొడుగు వచ్చింది. దానికి ముందు వైపు నుంచి పళ్ళచక్రాల మూటను మొత్తంగా బయటికి లాగవచ్చు. మూడో పద్ధతికి శాలిస్‌బరీ అనే ఇరుసుల కంపెనీ పేరు నిలిచింది. నడుమ పోత ఇనుప గూడు, దానికి రెండు పక్కలా దిగగొట్టిన గొట్టాలు, గూటికి వెనక ఒక పెద్ద రంధ్రం. ఆ రంధ్రంలో నుంచి క్రౌన్‌ను కూర్చి, పినియన్‌కూ దానికీ మధ్య ఉండవలసిన సందును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కొలిచి సర్దుతారు. పని అయ్యాక ఆ రంధ్రాన్ని మూసెయ్యాలి గదా. దానికి ఒక రేకు మూత. మన కథానాయకుడు పుట్టింది అక్కడ. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ పెట్టిన కంపెనీ 1919లో శాలిస్‌బరీ కంపెనీని కొనుక్కుంది. ఆ స్పైసర్ కంపెనీయే 1946లో డానా అని పేరు మార్చుకుంది. జీపు మేస్త్రీల నోట ఇప్పటికీ వినబడే డానా అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ మూత పుట్టింది కిటికీ తలుపుగా. లోపలి నూనె బయటికి పోకూడదు, బయటి దుమ్ము లోపలికి రాకూడదు, మేస్త్రీకి కావలసినప్పుడు తెరుచుకోవాలి. అంతకు మించి దాని మీద ఏ భారమూ లేదు. అందుకే పల్చని ఉక్కు రేకును అచ్చులో నొక్కి గిన్నెలాగా చేశారు. రాయి తగులుతుందన్న ఆలోచనే ఎవరికీ లేదు, ఎందుకంటే అవి పట్నం కార్లు.

1920ల నడుమ నూనె పని ఇంకా కష్టమైంది. అప్పటి వరకు పినియన్ క్రౌన్‌కు సరిగ్గా నడుమ ఎత్తున తాకేది. కారు నేలకు దగ్గరగా కూర్చోవాలంటే ఇంజను కడ్డీని కిందికి దించాలి, కాబట్టి పినియన్‌ను క్రౌన్ నడుమకు కొంచెం దిగువన తాకించారు. ఈ పళ్ళను హైపాయిడ్ పళ్ళంటారు. వీటిని కోసే యంత్రాలు న్యూయార్కు రాష్ట్రం రాచెస్టర్ నగరంలోని గ్లీసన్ కార్ఖానా చేసింది. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా ఒరుసుకుంటూ జారతాయి కూడా. మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలవదు, నడుమ నుంచి పిండినట్టు పక్కకు పోతుంది. అందుకని గంధకం, భాస్వరం కలిసిన ప్రత్యేకమైన నూనె పుట్టింది. షెడ్డులో దాని డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ఆ గంధకానిదే. ఈ నూనెలో నీళ్ళు కలిస్తే దాని బలం పోతుంది. నూనె ఒక గిద్దెడు తగ్గినా పైన ఉన్న బేరింగులకు అందదు. ఎందుకంటే అక్కడ పంపు లేదు, గొట్టం లేదు. క్రౌన్ సగం మునిగి తిరుగుతూ నూనెను పైకి విసురుతుంది, అది మూత లోపలి గోడకు తగిలి చింది, పినియన్ బేరింగుల వైపు పారుతుంది. కాబట్టి మూత లోపలి వంపు కూడా నూనె దారిలో ఒక భాగమేనన్న మాట.

ఇప్పుడు జీపు దగ్గరికి వద్దాం. 1940లో అమెరికా సైన్యానికి నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి తొందరగా కావలసివచ్చింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు చేత బొమ్మ గీయించి, గడువు 49 రోజులయితే ఆ గడువులోనే, 1940 సెప్టెంబరు 23న, మొదటి బండిని సైన్యానికి ఒప్పజెప్పింది. ఇంత తక్కువ సమయంలో కొత్త ఇరుసు తయారు చెయ్యడం ఎవరి వల్లా కాదు. స్పైసర్ వాళ్ళ దగ్గర స్టూడీబేకర్ ఛాంపియన్ అనే ఇంటి కారు కోసం చేసిన ఇరుసు ఉంది. దాన్నే సర్ది జీపుకు పెట్టారు. తర్వాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా సుమారు ఆరు లక్షల నలభై వేల జీపులు చేశాయి. ఇసుకలోనూ మంచులోనూ బురదలోనూ అవి తిరిగాయి. ఇరుసు ఉబ్బు అడుగుకీ నేలకూ నడుమ ఉన్న ఎడం ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. దానికి మూత మాత్రం నున్నని రోడ్డు మీద ఆఫీసుకు పోయే కారు ఇరుసు నుంచి వచ్చిన రేకు మూతే. లోపల పట్టే నూనె లీటరుంపావుకు అటూ ఇటూ.

మన దేశానికి ఈ బండి రెండు దారుల్లో వచ్చింది. యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలిపెట్టినవి వేలంలో అమ్ముడుపోయి కొన్ని వచ్చాయి. రెండోది బొంబాయి దారి. 1945లో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం మహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ పెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు మొదటి ఆర్థికమంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ 1940ల చివరి సంవత్సరాలలోనే మజగావ్‌లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలైంది. విల్లీస్ 1953లో తెచ్చిన ఎత్తు బానెట్టు నమూనా, సి.జె.-3బి, అమెరికాలో 1968లో ఆగిపోయినా మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారైంది. 1952లో సమాజాభివృద్ధి పథకం వచ్చాక బ్లాకు ఆఫీసు అంటే జీపు, జీపు అంటే బ్లాకు ఆఫీసు అన్నట్టయింది. దోమల మందు కొట్టేవాళ్ళకూ, టీకాలు వేసేవాళ్ళకూ, 1958లో మొదలైన దండకారణ్య పథకం ఉద్యోగులకూ అదే వాహనం. ప్రభుత్వం వేలం వేసిన ముసలి జీపులే మా మావయ్యలాంటి వాళ్ళ చేతికి వచ్చేవి. ఇరవై మందిని ఎక్కించుకొని, కొండవాగుల్లో దిగి, ఆ రేకు మూత తన పుట్టుకలో ఎవరూ ఊహించని పనులన్నీ చేసింది.

రాళ్ళ దెబ్బ తిన్నది మనవాళ్ళే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో రూబికాన్ అనే రాళ్ళ బాట మీద 1953 నుంచి ఏటేటా జీపుల వాళ్ళు సరదాకు యాత్ర చేస్తున్నారు. మనం తప్పక చేసిన ప్రయాణం వాళ్ళు డబ్బు ఖర్చు పెట్టి చేస్తారు, ఎవరి సరదా వారిది. అలాంటి బాటల మీద తిరిగేవాళ్ళ కోసమే దళసరి మూతలు అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. కొనబోయేవాళ్ళు ఏం చూసుకోవాలో చెబుతాను.

పల్చని రేకు మూత సొట్టపోతుంది, కాని పగలదు. సొట్ట లోతైతే క్రౌన్‌కు తగులుతుంది. అల్యూమినియం పోత మూత తేలిక, వేడిని త్వరగా వదులుతుంది, చూడటానికి అందం. గట్టి రాయి మూల తగిలితే చెక్కు ఎగిరే ప్రమాదం ఉంది. మామూలు పోత ఇనుము పెళుసు. ఇప్పుడు మేలైన మూతలు సాగే గుణమున్న డక్టైల్ పోత ఇనుముతో చేస్తున్నారు. దెబ్బకు ఓర్చుకోవడంలో అదే నాకు నచ్చుతుంది. పలకతో వెల్డింగు చేసినదీ మంచిదే, కాని దానికి ఒక షరతు ఉంది, కాసేపట్లో చెబుతాను. మందం ఒక్కటే చూసి కొనకండి. బోల్టు తలలు బయటికి పొడుచుకొని ఉంటే రాయి వాటిని గీరేస్తుంది, ఆ తర్వాత వాటికి స్పానర్ పట్టదు. తలలు గుంటల్లో ఒదిగి ఉండాలి. మూత అంచు ఇరుసు గూటి అంచుకంటే కొంచెం దళసరిగా, దాన్ని కాచేటట్టు ఉండాలి. వెనక్కు వస్తున్నప్పుడు రాయి తగిలేది ఎక్కువగా ఆ కింది అంచుకే. బాగా పెద్ద మూత కొంటే ఎక్కువ నూనె పడుతుందని కొందరు సంతోషిస్తారు. మూత లోపలి గోడ క్రౌన్‌కు మరీ దూరమైతే విసిరిన నూనె బేరింగుల దాకా చేరకపోవచ్చు. అన్నిటి కంటే ముఖ్యం నూనె పోసే రంధ్రం ఎత్తు. నూనె ఎంత పొయ్యాలో మనకు చెప్పేది ఆ రంధ్రమే. అంచు దాకా నిండి పొర్లితే చాలు అనుకుంటాం. కొత్త మూతలో ఆ రంధ్రం పాతదానికంటే రెండు వేళ్ళు దిగువన ఉంటే, మనం నిండా పోశామనుకుంటూనే నూనె తక్కువ పోస్తాం.

యానాం శ్రోతలు, మా దగ్గర రాళ్ళెక్కడున్నాయండీ అనవచ్చు. నిజమే. కాని ఉప్పుగాలికి పల్చని రేకు మూత అడుగున తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి, సూది మొనంత రంధ్రం పడుతుంది. ఏడాదికొకసారి రంగు గీకి చూడటం మీకూ అవసరమే.

ఇక మూత అతికించడం. దీని చరిత్రలో మనకు సంబంధించిన ఒక సంగతి ఉంది. మొదటి రోజుల్లో రెండు ఇనుప అంచుల నడుమ నూనెలో నానబెట్టిన దళసరి కాగితాన్నో, బెరడు ముక్కతో చేసిన కార్కునో కత్తిరించి పెట్టేవారు. మేస్త్రీలు దాన్ని ప్యాకింగ్ అంటారు. ఆ ప్యాకింగ్‌కు రెండు పక్కలా పూసే జిగురు ఏమిటనుకున్నారు? సారాయి సత్తులో కరిగించిన లక్క. పాండవుల లక్క ఇంటిలో వాడిన లక్కే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశపు అడవుల నుంచి పోయేది. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధన సంస్థ కూడా పెట్టారు. మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగు పెట్టిన లక్కను గిరిజనులు గీకి సంతలో అమ్మితే, అది సముద్రాలు దాటి మోటారు షెడ్లలో నూనె కారకుండా కాపలా కాసేది.

ఆ ఉద్యోగం లక్క చేతిలో నుంచి సిలికోన్ లాగేసుకుంది. 1940లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో యూజీన్ రోచో అనే రసాయన శాస్త్రజ్ఞుడు సిలికోన్‌కు ముడిసరుకును చవకగా తయారుచేసే మార్గం కనిపెట్టాడు. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ ఏర్పడింది. 1969లో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టిన బూట్ల అట్టలు సిలికోన్ రబ్బరువే. ఆ తర్వాతి దశాబ్దంలో ట్యూబులో నుంచి పేస్టులాగా పిండి, గాలి తగిలితే దానంతటదే రబ్బరుగా మారే రకాన్ని కార్ల కంపెనీలు ప్యాకింగ్‌కు బదులుగా వాడసాగాయి. దానికి పొడి పేరు ఆర్.టి.వి. కొన్ని రకాలకు వెనిగర్ వాసన వస్తుంది, అది గట్టిపడేటప్పుడు వెలువడే ఆమ్లం. గాలిలోని తేమను పీల్చుకొని అది గట్టిపడుతుంది గనుక, ఎండాకాలం పొడిగాలిలో ఎక్కువసేపు పడుతుంది. గేరు నూనెకు నిలుస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న రకమే తీసుకోవాలి. కిటికీ అద్దాలకు పూసేది పనికిరాదు.

పూసే విధానం మా పక్క ఊరి షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ దగ్గర చూసి నేర్చుకున్నాను. పాత నూనె అంతా కారేదాకా ఆయన బీడీ వెలిగించుకొని దూరంగా కూర్చునేవాడు. మూత ఊడదీసేటప్పుడు ఒకటి రెండు బోల్టులు సగం ఊడదీసి వదిలేసేవాడు, లేకపోతే మూత ఒక్కసారిగా ఊడి నూనె మొహాన పడుతుంది. తర్వాత రెండు అంచుల మీదా పాత ప్యాకింగ్‌ను మొద్దు కత్తితో గీకేవాడు. పదును కత్తి వాడనిచ్చేవాడు కాదు. ఇనుము మీద గీత పడితే ఆ గీతే కాలువ అవుతుంది. ఆపైన పెట్రోలు గుడ్డతో తుడిచి, తన చొక్కా అంచుతో ఇంకోసారి తుడిచి, చొక్కాకు మరక అంటలేదని చూపించేవాడు. రేకు మూతను అద్దం మీద బోర్లించి కింద సందులు వెతికేవాడు. అంతకుముందు ఎవరో బలం కొద్దీ బిగించి ఉంటే ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు లోపలికి దిగి ఉంటుంది. దాన్ని దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా సమం చేసేవాడు. “బలం కాదు బాబూ, సమం ఉండాల,” అనేవాడు.

ట్యూబు పిండేటప్పుడు వేరుశెనగ గింజ వెడల్పున ఒకే తీగగా, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా తిప్పాలి. రంధ్రాల బయట పూస్తే నూనె బోల్టు మర వెంట పాకి వచ్చేస్తుంది. మరీ ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుపోయి, ముక్కలు ఊడి నూనెలో తిరుగుతాయి. పూసిన ఐదు పది నిమిషాలలో మూత పెట్టెయ్యాలి, పైన పొర కట్టాక పెడితే అతకదు. బోల్టులు ఎదురెదురుగా, అంటే ఒకటి పైన అయితే తర్వాతది కింద, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. రేకు మూత జీపు ఇరుసుకు ముప్పై, ముప్పయ్యైదు అడుగు పౌండ్ల బిగువు సరిపోతుంది. ఆ కొలత చూపించే రెంచి లేనివాళ్ళు పొట్టి స్పానర్ వాడి, మోచెయ్యి బలంతోనే ఆగడం మంచిది. నూనె వెంటనే పొయ్యకండి. ట్యూబు మీద చెప్పినంతసేపు, వీలైతే రాత్రంతా, ఆరనివ్వండి. పోసేముందు మాత్రం పోసే ప్లగ్గు ఊడివస్తోందో లేదో చూసుకోండి. కొత్త మూత అతికించాక ప్లగ్గు పట్టేసిందని తెలిసి నెత్తి కొట్టుకున్నవాళ్ళున్నారు.

మూత ఎంత బాగా అతికించినా ఇరుసుకు ఊపిరి ఉండాలి. గొట్టం మీద చిటికెన వేలి గోరంత బ్రీదర్ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని గ్రీజు పెట్టే చోటనుకుంటారు. ప్రయాణంలో లోపలి గాలి వేడెక్కి పెరుగుతుంది, ఆ బ్రీదర్ గుండా బయటికి పోతుంది. చల్లబడితే మళ్ళీ లోపలికి వస్తుంది. 80 డిగ్రీల వేడిలో ఉన్న ఇరుసు 25 డిగ్రీల వాగు నీటిలో దిగితే లోపలి గాలి దాదాపు ఆరో వంతు కుదించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ ఖాళీ ఎక్కడో ఒకచోట నుంచి నిండాలి. చక్రాల దగ్గరి సీళ్ళో, మూత అంచులో ఉన్న వెంట్రుకవాసి సందో, ఏది దొరికితే దాని గుండా నీటిని పీల్చుకుంటుంది. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా అది నీటిలో మునిగితే అదే ఫలితం. అందుకే వాగులు దాటే జీపులకు దానికి ఒక రబ్బరు గొట్టం తగిలించి బాడీ పైదాకా తీసుకుపోతారు. చవకైన గొట్టం. దళసరి మూతకు వేలు పోసేవాళ్ళు కూడా దీన్ని పెట్టించుకోరు, ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మావయ్య జీపు సంగతి. ఇందాక షరతు అన్నాను గదా. దళసరి పలకను వెల్డింగు చేస్తే ఆ వేడికి అంచు వంకర తిరుగుతుంది. వెల్డింగు తర్వాత ఆ అంచును యంత్రం మీద పెట్టి మళ్ళీ సమంగా కోయించాలి. పల్చని రేకు వంకరగా ఉన్నా బోల్టులు బిగిస్తే వంగి కూర్చుంటుంది. అర అంగుళం పలక వంగదు, బిగించినచోట బిగిసి, మిగిలినచోట సందు వదిలేస్తుంది. ఆ వెల్డింగు షాపువాడు అంచు కోయించలేదు. సందుకు మందుగా రెండు ప్యాకింగ్‌లు వేసి, లక్క దట్టంగా పూసి ఇచ్చాడు. నూనె పోసే రంధ్రం కూడా కంటి అంచనాతో, అసలుకంటే దిగువన పెట్టాడు. బ్రీదర్ ఏనాడు మూసుకుపోయిందో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు శ్రావణంలో పై ఊళ్ళో ఒక బాలింతకు జ్వరం తగిలి స్పృహ తప్పింది. రాత్రి తొమ్మిది దాటాక మావయ్య జీపులో ఆమెనూ బిడ్డనూ ఎక్కించుకొని ఘాటీ దిగుతున్నాం, తోడుగా నేనూ ఉన్నాను. రెండు వాగులు దాటాం. మూడో మలుపు దగ్గర వెనక నుంచి ఏనుగు ఘీంకరించినట్టు చప్పుడు మొదలయింది. ఇంకో పావు మైలు పోయాక ఫెళ్ళుమని ఏదో విరిగింది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. ముందు చక్రాలకు లాగే కడ్డీ ఎప్పుడో ఊడదీసి అమ్మేశారు. దుప్పటి, వెదురు గెడ తెచ్చి డోలీ కట్టి, నలుగురు మార్చి మార్చి మోస్తూ ఆరు మైళ్ళు నడిచాం. తెల్లవారుతుండగా ఆసుపత్రి చేరాం. ఆమె బతికింది. బిడ్డకు ఏమీ కాలేదు.

వారం తర్వాత మేస్త్రీ వచ్చి మూత ఊడదీస్తే లోపల నుంచి మజ్జిగ లాంటి తెల్లని ద్రవం కారింది, అందులో మెరిసే ఇనుప రజను. పినియన్ పళ్ళు నీలంగా కమిలి సగం అరిగిపోయాయి. క్రౌన్, పినియన్ జంటగానే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెట్టడానికి వీల్లేదు. ఆ జంట కొనే డబ్బు మావయ్య దగ్గర లేదు. అప్పు పుట్టలేదు. జీపును పాత ఇనుము ధరకు అమ్మేశాడు. మా కొండ మీదికి మళ్ళీ ఒక బండి రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

వాగులో సొట్టపోయిన ఆ పాత రేకు మూతను మావయ్య పారెయ్యలేదు. అత్తయ్య దాన్ని తీసుకుపోయి పెరట్లో కోళ్ళకు నీళ్ళు పోసే చిప్పగా పెట్టుకుంది. నేను కాలేజీ చదువు ముగించి ఊరు వచ్చినప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఒక్క చుక్క కారేది కాదు.